నిజాం బిళ్ళలా, కోర్టు ఫీజు స్టాంపులా? పతకం దాకా వెళ్ళే సేకరణ ఎంచుకోవడం

ఆమధ్య ఒక స్టాంపుల ప్రదర్శనలో నా సేకరణ పేజీలు అమర్చిన ఫ్రేముల ముందు ఒక పెద్దాయన చాలాసేపు నిలబడ్డారు. కింద అంటించిన పతకం చీటీని రెండుసార్లు చదివి, చివరికి అడిగేశారు: "మా ఇంట్లో నాలుగు ఆల్బములున్నాయండీ. నూట పది దేశాల స్టాంపులు. వాటికి రాదా?"

రాదని మొహం మీద చెప్పబుద్ధి కాలేదు. ఆ నాలుగు ఆల్బముల్లో మీకు బాగా ఇష్టమైన పేజీ ఏదని అడిగాను. తడుముకోకుండా "చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం తపాలా బిళ్ళలు" అన్నారు. అయితే ఆ పేజీ దగ్గర మొదలుపెట్టండి, మిగతా దేశాలన్నీ మనవళ్ళకిచ్చేయండి అన్నాను. నవ్వి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా ఫోన్. "నిజాంలో తపాలా ఒకటి, రెవెన్యూ ఒకటి, కోర్టు ఫీజు ఒకటి అంటున్నారు. కవర్లు వేరేనట. ఏది పట్టుకోను?"

ఆయనకు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను పాతికేళ్ళుగా ఇందులోనే ఉన్నాను. రెండుసార్లు తప్పు దారి పట్టి వెనక్కి వచ్చాను కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నా.

ముందు మార్కుల లెక్క

స్టాంపుల సేకరణను, అధ్యయనాన్ని ఫిలాటెలీ అంటారు. అంతర్జాతీయ ఫిలాటెలీ సమాఖ్యను మేమంతా ఎఫ్‌ఐపీ అంటాం. దాని నియమాల ప్రకారం తపాలా బిళ్ళల సేకరణకైనా, రెవెన్యూకైనా (దస్తావేజులు, రసీదుల మీద సుంకం కింద అంటించే స్టాంపులు), తపాలా చరిత్రకైనా నూటికి మార్కులు ఇలా ఉంటాయి: విషయాన్ని నడిపిన తీరుకు 20, ఆ విషయం ప్రాముఖ్యానికి 10, పరిజ్ఞానానికి, పరిశోధనకు కలిపి 35, వస్తువుల కండిషన్‌కు 10, అరుదుదనానికి 20, పేజీలు పొందికగా కనిపించడానికి 5. 95 వస్తే లార్జ్ గోల్డ్, 90కి గోల్డ్, 85కి లార్జ్ వెర్మిల్, 80కి వెర్మిల్. వెర్మిల్ అంటే బంగారు పూత వేసిన వెండి. అక్కడినుంచి అయిదేసి మార్కులు తగ్గుతూ 60 దగ్గర బ్రాంజ్‌తో ఆగుతుంది.

ఈ అంకెలను కాస్త నిదానంగా చూడండి. జేబులో డబ్బుంటే కొనగలిగింది అరుదుదనం 20, కండిషన్ 10. అంతే. ఒకే ముద్దలో అన్నిటికంటే పెద్ద వాటా 35, అది వేలంలో దొరకదు. కూర్చుని చదవాలి, కొలవాలి, పోల్చాలి. కాబట్టి ఏ సేకరణ ఎంచుకోవాలన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంకో ప్రశ్న: ఆ వస్తువు మీద ఉన్న రాతను మీరు చదవగలరా? ఇప్పుడు రాకపోయినా ఏడాదిలో నేర్చుకోగలరా?

నా మొదటి ఎగ్జిబిట్‌కు, అంటే పోటీకి పెట్టిన సేకరణకు, సిల్వర్ బ్రాంజ్ వచ్చింది. అయిదు ఫ్రేములు, ఫ్రేముకు 16 చొప్పున 80 పేజీలు. నా దృష్టిలో బ్రహ్మాండం. జ్యూరీలో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "ప్రతి పేజీలో బిళ్ళ పేరు, రంగు, విలువ రాశావు. అవి కేటలాగులో ఉన్నాయి బాబూ, నువ్వేం కనిపెట్టావో రాయి" అన్నారు. రెండు రోజులు అన్నం సయించలేదు గానీ, ఆయన అన్నది నిజమే.

1854 నాటి బిళ్ళలు: అందరి కన్నూ వీటి మీదే

1852లో సింధ్ కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ వేయించిన సింధ్ డాక్ బిళ్ళలతో ఆసియాలో తపాలా బిళ్ళల కథ మొదలవుతుంది. 1854లో కలకత్తా సర్వే ఆఫీసులో కెప్టెన్ తూలియర్ చేతి మీదుగా విక్టోరియా రాణి తల ఉన్న బిళ్ళలు దేశమంతటికీ వచ్చాయి. నాలుగణాల బిళ్ళను ఎరుపు, నీలం రెండు రంగుల్లో, రెండుసార్లు అచ్చు వేశారు. అందులో కొన్నిటి మీద రాణి తల తలకిందులైంది. ప్రపంచంలో పేరుమోసిన అచ్చుతప్పుల్లో అదొకటి.

ప్రాముఖ్యానికి ఇచ్చే పది మార్కుల్లో దాదాపు అన్నీ ఈ విషయం పేరు చెబితేనే వచ్చేస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, వీటిని నూరేళ్ళకు పైగా మహామహులు చదివేశారు. అచ్చు వేసిన రాళ్ళ మీద ఏ గీత ఎక్కడ పడిందో, ఏ డై (బొమ్మ చెక్కిన మూల అచ్చు) ఎప్పుడు వాడారో అన్నీ తేలిపోయాయి. కొత్తగా కనిపెట్టడానికి మిగిలింది తక్కువ. పక్క ఫ్రేములో ఉండేది కోట్లు పెట్టినవాడి సేకరణ. జీతం రాళ్ళతో అక్కడ కుస్తీకి దిగొద్దు.

అయినా ఒక సందు ఉంది. అర్ధణా నీలం బిళ్ళను లక్షల్లో అచ్చేశారు కాబట్టి మామూలు ముద్ర పడినవి ఇప్పటికీ మధ్యతరగతి వాళ్ళకు అందుతాయి. ఆ ఒక్క బిళ్ళ మీద, మూడు డైల తేడాలు చూపిస్తూ, 16 పేజీల వన్ ఫ్రేమ్ పోటీకి వెళ్ళొచ్చు. అంతకుమించి ఆశపడితే ఇల్లు అమ్ముకోవాలి.

నిజాం తపాలా బిళ్ళలు

హైదరాబాద్ రాజ్యం తొలి బిళ్ళ 1869లో వచ్చింది. ఒక అణా, ఆలివ్ ఆకుపచ్చ రంగు. మరుసటి ఏడాది అర్ధణా, రెండణాలు వచ్చాయి. వీటిని స్కెలిటన్ బిళ్ళలు అంటాం. ఈ రెండిటినీ ఇక్కడే, హైదరాబాద్‌లోనే చెక్కారు. ఒక్కో షీటులో 240 బిళ్ళలు, దేనికదే విడిగా చెక్కినవి కాబట్టి ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. భూతద్దం పెట్టి ఒక అక్షరం తోక ఎటు వంగిందో చూసి, ఇది షీటులో ఫలానా చోటిది అని తేల్చడంలో ఉన్న ఆనందం అనుభవిస్తే గానీ తెలియదు. మా ఆవిడ దాన్ని వేరే పేరుతో పిలుస్తుంది.

1871 నుంచి ఇంకో సెట్టు. 1900ల్లో నిజాం ముద్ర రూపంలో ఉన్నవి. 1931లో బొమ్మల సెట్టు: అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం, పన్నెండణాల మీద బీదర్ మదర్సా, రూపాయి మీద దౌలతాబాద్ మినార్. 1937లో రజతోత్సవానికి ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు. చివర్లో, 1947 నుంచి, వరంగల్ కోటలోని కాకతీయ తోరణం, గోల్కొండ కోట కూడా బిళ్ళలకెక్కాయి. 1948 సెప్టెంబరులో రాజ్యం పోయినా తపాలా వెంటనే పోలేదు. 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయింది.

కథకు మొదలు, నడుమ, చివర అన్నీ ఉన్నాయి, అది పెద్ద బలం. లండన్ స్టాంపుల సంస్థ స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగులో వరుస నంబర్లున్నాయి కాబట్టి కొత్తవాళ్ళు దారి తప్పరు. 1931 తరువాతి బిళ్ళలు చవక. సర్కారీ అని ఓవర్‌ప్రింట్, అంటే బిళ్ళ మీదే మళ్ళీ అచ్చు, వేసిన ప్రభుత్వ వాడకపు బిళ్ళలు 1873 నుంచే ఉన్నాయి, వాటితో వేరే అధ్యాయం నడుస్తుంది.

బలహీనత కూడా అక్కడే ఉంది. కేటలాగు చేతిలో ఉందంటే అందరి సేకరణా ఒకేలా తయారవుతుంది. జ్యూరీ దగ్గర నేను దెబ్బ తిన్నది ఇక్కడే. తలకిందులైన సర్కారీ ఓవర్‌ప్రింట్లలో దొంగవి కుప్పలు. పైగా 1880లో పాత బిళ్ళలను మళ్ళీ అచ్చేశారు.

ఆ రీప్రింట్ నాకు నేర్పిన పాఠం చెబుతాను. ఒక వ్యాపారి దగ్గర 1869 అణా బిళ్ళ కొన్నాను. రంగు సరిపోయింది, జిగురు లేదు, పాతకాలపు వాసన కూడా వచ్చినట్టే అనిపించింది! ఇంటికొచ్చి పర్ఫొరేషన్ గేజ్ మీద పెట్టాను. ఆ గేజ్ చెప్పేది రెండు సెంటీమీటర్ల నిడివిలో ఎన్ని చిల్లులున్నాయో. అసలుది 11½ ఉండాలి. బిళ్ళను గీతల మీద పైకీ కిందికీ జరుపుతూ పోతే పళ్ళన్నీ చక్కగా కుదురుకున్న చోట 12½ అని ఉంది. కాగితం చూస్తే తెల్లగా, నున్నగా ఉంది. 1880 రీప్రింట్. డబ్బు వెనక్కి రాలేదు. ఇప్పటికీ దాన్ని నా మొదటి ఫ్రేములో అసలు బిళ్ళ పక్కనే, ఇది రీప్రింట్ అని రాసి పెట్టాను. పరిజ్ఞానం కింద అది నాకు మార్కులు తెచ్చిపెడుతూనే ఉంది.

రెవెన్యూ, కోర్టు ఫీజు: నా ఓటు దీనికే

తపాలా బిళ్ళ కంటే సుంకం స్టాంపు పెద్దది, వయసులో. బ్రిటన్‌లో తొలి తపాలా బిళ్ళ 1840లో వస్తే, అమెరికా వలసల్లో స్టాంపు సుంకం మీద గొడవలు 1765లోనే జరిగాయి. మన దగ్గర ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో 1797లో స్టాంపు సుంకం పెట్టింది. అప్పటికి సింధ్ డాక్‌కు ఇంకా యాభై ఏళ్ళ పైనే ఉంది. అయినా ఫిలాటెలీ వాళ్ళు చాలాకాలం రెవెన్యూను పెరట్లోనే కూర్చోబెట్టారు. ఇప్పుడు దానికీ సొంత తరగతి, సొంత జ్యూరీ, ఇందాక చెప్పిన అవే మార్కులు.

పెరట్లో కూర్చోబెట్టినందువల్ల మనకు కలిసొచ్చింది ఒకటుంది: ఇక్కడ పని మిగిలి ఉంది. సంస్థానాల కోర్టు ఫీజు, రెవెన్యూ స్టాంపులకు 1983లో కోపెల్, మానర్స్ అనే ఇద్దరు వేసిన కేటలాగే ఇప్పటికీ ఆధారం. వాళ్ళ నంబర్లతోనే లావాదేవీలు నడుస్తాయి. అందులో లేని విలువ, లేని రంగు, లేని వాటర్‌మార్క్ మీ చేతికి దొరికే అవకాశం నిజంగా ఉంది. తపాలా బిళ్ళల్లో అలాంటిది దొరికితే పేపర్లో పడుతుంది. రెవెన్యూలో అయితే మీ పేజీలో రెండు లైన్లు పడతాయి, జ్యూరీ ఆగి చదువుతుంది.

ఒక దస్తావేజును దగ్గరగా చూద్దాం. నా దగ్గరున్నదే. మందమైన కాగితం, నాలుగు మడతలు వేస్తే అరచేయంత అవుతుంది. పైన స్టాంపు, దాని కింద ఉర్దూలో అమ్మకం వివరం. అడుగున సాక్షుల చేవ్రాళ్ళు రెండు తెలుగులో, అమ్మినాయనది నిశాని. వెనక్కి తిప్పితే స్టాంపు వెండర్ రాసిన చీటీ: ఎవరికి, ఎంతకు, ఏ రోజు అమ్మాడో. తేదీ 15 అజర్ 1331 ఫసలీ. ఫసలీ అంటే భూమి శిస్తు లెక్కల సంవత్సరం. నిజాం ఇలాకాలో ఫసలీ ఏడాది అజర్ నెలతో, అంటే అక్టోబరు 6 ప్రాంతంలో మొదలవుతుంది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే డిసెంబరు ఆఖరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి 591. కాబట్టి ఇది 1921 అక్టోబరు. అదే 1331 ఫసలీ మద్రాసు ఇలాకా కర్నూలులో అయితే జూలై 1నే మొదలైపోయి ఉంటుంది. తుంగభద్రకు అటూ ఇటూ ఒకే అంకె, మూడు నెలల తేడా. ఈ సంగతి తెలియకుండా పేజీ కింద తేదీ తప్పు రాస్తే, తెలిసిన జ్యూరీ సభ్యుడు చిరునవ్వు నవ్వి మార్కులు కోసేస్తాడు.

తెలంగాణ ఊళ్ళలో పహాణీలు తిరగేసిన వాళ్ళకు ఫసలీ కొత్త కాదు. తాతల కాలం కాగితాల్లో ఉర్దూ చూసి బెదరని వాళ్ళూ చాలామందే ఉన్నారు. ఉర్దూ రాకపోతే ముందు అంకెలు, నెలల పేర్లు, "వసూలు", "నకల్", "అర్జీ" వంటి ఇరవై ముప్పై మాటలు గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు, సగం పని అవుతుంది. మా వీధిలో రిటైరైన ఉర్దూ మాస్టారు ఒకాయన సాయంత్రాలు నాకు చదివిపెట్టేవారు. ఫీజు కింద ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

ఒక బిళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1915లో హైదరాబాద్ అర్ధణా, అణా బిళ్ళల మీద తపాలాకు, రసీదుకు రెండిటికీ చెల్లుతుందని అచ్చేశారు. అదే బిళ్ళ కవరు మీద తపాలా ముద్రతో ఉంటే తపాలా ఎగ్జిబిట్‌లోకి వెళ్తుంది, అప్పు రసీదు మీద పెన్ను గీతతో, వేలిముద్రతో ఉంటే రెవెన్యూలోకి. తపాలా వాళ్ళు పెన్ను గీత పడినదాన్ని తీసి అవతల పారేస్తారు. నేను అలాంటివి వ్యాపారుల "పనికిరానివి" డబ్బాల్లోంచి ఏరుకున్నాను.

కష్టాలు లేవని కాదు. దస్తావేజు పెద్దది, ప్రదర్శన పేజీలో పట్టదు. మడిచి, అవసరమైన భాగం కనిపించేట్టు అమర్చాలి, మిగతాది చిన్న ఫొటోగా చూపాలి. కోర్టు ఫీజు స్టాంపులకు చిల్లు పొడవడం, అడ్డంగా గీయడం మామూలే, రద్దు చేసే పద్ధతే అది. తపాలా వాళ్ళకలవాటైన "చక్కటి కండిషన్" ఇక్కడ ఆశించకూడదు, జ్యూరీ కూడా ఆశించదు. ఇంకోటి, దొంగ సొత్తు భయం. కోర్టు, తాలూకా ఆఫీసు రికార్డు గదుల్లోంచి కత్తిరించుకొచ్చిన స్టాంపులు సంతకెక్కుతాయి. ఫైలు నంబరు, ఆఫీసు ముద్ర కనిపిస్తున్న కాగితం మీకు అమ్మజూపితే, ఇదెక్కడిదని అడగండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

కవర్లు, ముద్రలు

తపాలా చరిత్ర ఎంచుకునేవాళ్ళకు బిళ్ళ కంటే కవరు ముఖ్యం. అది ఎక్కడ బయల్దేరింది, ఏ దారిన పోయింది, ఎంత కట్టారు, ఎందుకంత కట్టారు. 1854లో వచ్చిన ఏర్పాటులో పావు తులం ఉత్తరానికి అర్ధణా, దేశంలో ఎంత దూరమైనా సరే. అంతకుముందు దూరాన్ని బట్టి రేటు. ఆ పాత బిళ్ళలేని ఉత్తరాల మీద చేత్తో కొట్టిన ఊరి ముద్రలుంటాయి. మచిలీపట్నం మసూలిపటం అయింది, కాకినాడ కోకనాడ, ఏలూరు ఎల్లోర్, విజయవాడ బెజవాడ. సొంత ఊరి పేరు ఎన్ని రకాలుగా తప్పు రాశారో చూపిస్తూ ఒక ఫ్రేము నింపొచ్చు. నేనైతే సరదాగా చూస్తాను.

కోస్తా వాళ్ళకు నేనిచ్చే సలహా రంగూన్ దారి. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి కూలికి, వ్యాపారానికి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళు లెక్కలేనంత మంది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీసే దాకా రంగూన్ నుంచి కాకినాడకు రాసిన ఉత్తరం దేశంలోపలి ఉత్తరమే, భారత బిళ్ళే. ఆ రోజు నుంచి భారత బిళ్ళల మీదే బర్మా అని ఓవర్‌ప్రింట్. 1936లో ఒక కవరు, 1938లో ఇంకో కవరు, అదే రాసినవాడు, అదే ఇల్లు: రెండూ పక్కపక్కన పెడితే పేజీ దానంతటదే మాట్లాడుతుంది. పాత అలమారాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి, ఎక్కువగా తెలుగులో రాసిన కార్డులు. వాటిని చదవడానికి లండన్ వాడికి మనమే దిక్కు.

హైదరాబాద్ వైపు ఆసక్తి ఉంటే, నిజాం బిళ్ళ రాజ్యం లోపలే చెల్లేదన్నది మూలసూత్రం. బయటికి పోయే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావాలి. ఒకే నగరంలో రెండు తపాలాలు. నాణెం కూడా రెండు రకాలు: ఏడు హాలీ సిక్కా (నిజాం) రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలతో సమానం. రేట్లు రాసేటప్పుడు ఏ రూపాయో రాయకపోతే లెక్క తప్పుతుంది.

ఇందులో ఇబ్బంది ఒకటే. మంచి కవర్లు విరివిగా దొరకవు, ఒకటి దొరికి ఇంకోటి దొరకడానికి మూడేళ్ళు పడుతుంది. ఓపిక లేనివాళ్ళు తొందరపడి సాదా కవర్లతో ఫ్రేము నింపేస్తారు.

థీమాటిక్ అనేది వేరే లోకం. కోటలు, పక్షులు, రైళ్ళు లాంటి అంశం తీసుకుని అన్ని దేశాల బిళ్ళలతో కథ అల్లడం. అక్కడ మార్కుల పంపకం వేరు, కథ నడపడానికే 35. పిల్లలతో కలిసి చేయడానికి అదే మంచిది. నాకు దాని మీద పెద్దగా చెప్పే అర్హత లేదు.

మరి మీకేది?

ఉద్యోగంలో ఉన్నారు, నెలకు రెండు మూడు వేలు మించి పెట్టలేరు, సాయంత్రం గంట దొరుకుతుంది. అయితే రెవెన్యూ. ఉర్దూ కొంచెం వచ్చినా, నేర్చుకునే మనసున్నా రెండో మాట లేదు. మీది కోస్తా, రాయలసీమ అయి ఉర్దూతో పొత్తు లేకపోతే సొంత జిల్లా తపాలా ముద్రలు పట్టుకోండి, తెలుగు రాత, ఇంగ్లీషు ముద్ర చదవడం మీకు వచ్చిన పనే.

బొమ్మలు చూసి ముచ్చటపడి మొదలుపెట్టిన వాళ్ళు నిజాం తపాలాలోనే ఉండండి, కానీ మొత్తం రాజ్యాన్ని తలకెత్తుకోవద్దు. 1931 బొమ్మల సెట్టు ఒక్కటే తీసుకుని దాని వాడకం, ఓవర్‌ప్రింట్లు, షీటు అంచులు, కవర్ల మీద రేట్లు చూపిస్తే 16 పేజీలు అందంగా వస్తాయి. డబ్బు బాగా ఉంది, అయిదేళ్ళలో లార్జ్ గోల్డ్ కొట్టాలని పట్టుదల కూడా ఉంది అంటే 1854కు వెళ్ళండి, తోడుగా ఒక మంచి నిపుణుణ్ణి పెట్టుకోండి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను, డెబ్బై అయిదేళ్ళు దాటిన చారిత్రక రాతప్రతులను, దస్తావేజులను దేశం బయటికి తీసుకెళ్ళడం మీద 1972 నాటి పురావస్తువుల చట్టం ఆంక్షలున్నాయి. తాతగారి దస్తావేజుల కట్ట సూట్‌కేసులో వేసుకుని విమానం ఎక్కేముందు కనుక్కోండి. అక్కడి వేలాల్లో ఉన్నవి కొనుక్కోవడం మీకు సులువు.

ఎవరైనా సరే, అయిదు ఫ్రేములతో మొదలుపెట్టొద్దు. అయిదు ఫ్రేముల ఎగ్జిబిట్‌కు 85 మార్కులు వచ్చాకే ఎనిమిది ఫ్రేములు ఇస్తారు, మూడు లార్జ్ గోల్డ్‌లు వచ్చినవాళ్ళకు చాంపియన్‌షిప్ తరగతి వేరే ఉంది. అవన్నీ తరువాతి ముచ్చట్లు. ముందు 16 తెల్ల కాగితాలు తీసుకుని, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఈ పేజీలో ఏం చెప్పబోతున్నానో ఒక్క వాక్యం రాయండి. తొమ్మిదో పేజీ దగ్గర చెప్పడానికేమీ మిగలకపోతే ఆ విషయం మీది కాదు. బిళ్ళ ఒక్కటీ కొనకముందే తేలిపోతుంది కాబట్టి నష్టం పెన్సిల్ ముక్కే. జిల్లా, రాష్ట్ర ప్రదర్శనలు దాటి, జాతీయ స్థాయిలో తగిన పతకం వచ్చాకే విదేశీ ప్రదర్శనలకు దారి.

కొనేముందు, దాచేముందు

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య, జుమ్మేరాత్ బజారులో పాత కాగితాల కట్టలు ఇప్పటికీ తగులుతుంటాయి. పొద్దున్నే వెళ్ళండి. కట్ట మొత్తం బేరమాడండి, కావలసినదాన్ని చేత్తో పట్టుకుని బేరమాడితే రేటు మూడింతలవుతుంది.

లామినేషన్ మాత్రం చేయించకండి. ఒకాయన తన కోర్టు ఫీజు స్టాంపులన్నీ ప్రేమగా లామినేట్ చేయించి తెచ్చారు, చూసి మాటలు రాలేదు. సెల్లోటేపు కూడా అంతే, పదేళ్ళకు పసుపు మరక మిగులుస్తుంది. కాకినాడ, బందరు గాలికి జిగురు మెత్తబడి బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, గోధుమరంగు చుక్కలు పడతాయి. ఆల్బము పడుకోబెట్టి దొంతర పెట్టకుండా నిలబెట్టండి, బీరువాలో సిలికా జెల్ సంచులు వేయండి, వర్షాలు వెళ్ళాక ఒకసారి గాలికి తెరవండి.

మొన్న ఆ పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశారు. ఊళ్ళో అటక మీద ట్రంకుపెట్టె తెరిస్తే వాళ్ళ నాన్నగారి కాలం కౌలు రసీదులు బయటపడ్డాయట. ప్రతిదాని మీదా ఒక అణా స్టాంపు, దాని మీద సగం, కాగితం మీద సగం పడేట్టు వేలిముద్ర. "స్టాంపులు నీళ్ళలో నానబెట్టి ఊడదీయనా?" అని అడిగారు.

"మీరు ముందు ఆ బకెట్టు పక్కన పెట్టండి. రేపు పొద్దుటి బస్సుకు వస్తున్నా" అన్నాను.